ఖైదీల చదువుపై ఒక తప్పు లెక్క

నేరం చేసి జైలుకు వెళ్లినవారికి ప్రభుత్వ ఖర్చుతో డిగ్రీ చదువులు చెప్పించడం, ఏ తప్పూ చేయకుండా ఫీజు కట్టలేక చదువు మానుకొంటున్న పేద పిల్లలకు అన్యాయం చేయడమేననే వాదం విద్యావంతుల నోట కూడా తరచుగా వినిపిస్తుంది. పేద పిల్లల పట్ల సానుభూతి నుంచి పుట్టింది కనుక దీన్ని తేలికగా కొట్టిపారేయరాదు; అయినా దీనికి ఆధారమైన రెండు నమ్మకాలూ వాస్తవాల ముందు నిలవవు.

జైల్లో ఉన్నవారందరూ నేరస్థులేనన్నది మొదటిది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే కేసు తేలక, బెయిలు దొరకకనో, దొరికినా జామీను చూపే స్తోమత లేకనో లోపల ఉండిపోయినవారు. చట్టం దృష్టిలో ఇంకా నిర్దోషులైన వీరి చదువును నేరానికి బహుమతిగా లెక్కగట్టడం ఏ న్యాయసూత్రానికీ ఒప్పదు. శిక్ష పడినవారి విషయంలోనూ, విశాఖపట్నం కేంద్ర కారాగారానికి సంబంధించిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషి తన ప్రాథమిక హక్కులన్నిటినీ కోల్పోడని సుప్రీంకోర్టు 1974లోనే స్పష్టం చేసింది. ఇన్నేళ్ల కారాగారవాసమని తీర్పులో ఉంటుంది. ఆ ఏళ్లన్నీ చదువుకు దూరంగా గడపాలని ఏ తీర్పులోనూ ఉండదు.

ఖైదీకి ఇచ్చింది బయటి విద్యార్థికి తగ్గుతుందన్నది రెండో నమ్మకం. దీన్ని అమెరికా ఆచరణలోనే పరీక్షించి చూసింది. పేద విద్యార్థులకు తిరిగి చెల్లించనక్కరలేని సాయంగా అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు నుంచి ఖైదీలను 1994 నాటి నేర నియంత్రణ చట్టం తొలగించింది. అప్పటికి వారికి అందుతున్నది మొత్తం నిధుల్లో ఒక శాతం కూడా లేదు. పైగా అర్హులైన దరఖాస్తుదారులందరికీ గ్రాంటు దక్కే పద్ధతి కనుక, ఖైదీలను తీసివేసినందువల్ల బయట ఎవరికీ కొత్తగా గ్రాంటు రాలేదు. జైళ్లలోని కళాశాల తరగతులు మాత్రం చాలావరకు మూతపడ్డాయి. పూర్తి అర్హత తిరిగి అమలులోకి వచ్చింది 2023 జులైలో. ఈలోగా ఒక తరం ఖైదీల చదువు ఎవరికీ లాభం లేకుండానే పోయింది.

ఖైదీల చదువును సమర్థించేవారి వాదంలోనూ ఒక లోపముంది. జైల్లో చదువుకున్నవారు మళ్లీ జైలుపాలయ్యే అవకాశాల నిష్పత్తి, అంటే తిరిగి వెళ్లినవారి సంఖ్యకు వెళ్లనివారి సంఖ్యతో గల నిష్పత్తి, చదవనివారితో పోలిస్తే 43 శాతం తక్కువని అమెరికా పరిశోధన సంస్థ ర్యాండ్ 2013లో చేసిన సమీక్ష తేల్చింది. విలువైన ఫలితమే, కానీ హక్కు మొత్తాన్ని దీనిపైనే నిలబెడితే, జీవితాంతం బయటకు రాలేని ఖైదీకి, రేపు నిర్దోషిగా తేలబోయే విచారణ ఖైదీకి చదువుకొనే అర్హత ఎక్కడినుంచి వస్తుంది?

మన దేశంలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) 1994లో తీహార్ జైల్లో అధ్యయన కేంద్రం తెరిచిన తర్వాత దూరవిద్య అనేక జైళ్లకు విస్తరించింది. మూడేళ్ల డిగ్రీ క్రమం దీర్ఘకాల శిక్ష పడినవారికి సరిపోతుంది గాని, ఎప్పుడు బెయిలు వస్తుందో, ఎప్పుడు మరో జైలుకు మారుస్తారో తెలియని విచారణ ఖైదీకి సరిపోదు. అతని ప్రవేశ నమోదు, రాసిన పరీక్షల మార్కులు, చెల్లించిన రుసుము అతనితోపాటు కదిలి, విడుదలైన తర్వాత సొంత ఊరికి దగ్గరి కేంద్రంలో మిగిలిన పరీక్షలు రాయగల నిబంధన ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉండాలి.