క్లాసుల చాటున సర్క్యూట్

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ జావా, శాప్, టెస్టింగ్ బోర్డుల మధ్య వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్ డిజైన్, బోర్డులు కూడా వేలాడుతున్నాయి. మెట్రోలో ఒక్క స్టేషన్ దాటి పంజాగుట్టలో దిగినా అవే కనిపిస్తాయి. ఈసీఈ పూర్తిచేసి జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో దిగిన పిల్లలు ఆ గదుల్లో ఎక్కువగా నేర్చుకునేది 'డీవీ', అంటే డిజైన్ వెరిఫికేషన్. చిప్ తయారీకి పోకముందే దాన్ని కంప్యూటర్‌లో నానా రకాలుగా పరీక్షించే పని అది. చిప్ ప్రాజెక్టులో శ్రమ చాలావరకు దీనికే పోతుంది కాబట్టి ఉద్యోగాల ఆశా దీని మీదే.

ఈ కోర్సుకు గుండెకాయ యూవీఎం. అక్సెలెరా అనే ప్రమాణాల సంస్థ 2011లో తెచ్చిన ఈ పద్ధతి 2017లో ఐట్రిపుల్‌ఈ ప్రమాణమైంది. సిస్టమ్‌వెరిలాగ్ అనే హార్డ్‌వేర్ భాషలో రాసిన క్లాసుల లైబ్రరీ ఇది. ఇన్‌హెరిటెన్స్, పాలీమార్ఫిజం, ఫ్యాక్టరీ... పక్క గదిలో జావా పిల్లలు వల్లెవేసే 'ఊప్స్' (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) అంతా ఇక్కడా ఉంటుంది. హార్డ్‌వేర్‌ను ఇలా ఆబ్జెక్టులతో ఆలోచించడం తగునా అని ఓపెన్‌సోర్స్ చిప్‌లు చేసేవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. ఆ వాదన ఎవరికి పట్టినా పట్టకపోయినా అమీర్‌పేటకు పట్టాలి. దాని ఫలితం అనుభవించేది ఇక్కడి పిల్లలే.

వాదనలో రెండు సంగతులు కలగాపులగమవుతున్నాయి: ఆబ్జెక్టులతో పరీక్ష రాయడం, ఆబ్జెక్టులతో డిజైన్ రాయడం. సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాం నడుస్తుండగా 'న్యూ' అని రాస్తే కొత్త ఆబ్జెక్టు పుడుతుంది, పని తీరాక పోతుంది. సిలికాన్‌లో అలా కుదరదు. క్లాక్ మొదలయ్యేసరికే ప్రతి ఫ్లిప్‌ఫ్లాపూ, ప్రతి తీగా తన చోట ఉండి తీరాలి. అందుకే సిస్టమ్‌వెరిలాగ్ క్లాసులు మామూలుగా టెస్ట్‌బెంచ్ దాటి రావు. ప్యాకెట్లు పుట్టించి, డిజైన్‌లోకి పంపి, వచ్చిన జవాబు సరిచూడటమే వాటి పని. ఆ పనికి ఆబ్జెక్టులు చక్కగా ఒదుగుతాయి. పాత ప్యాకెట్ క్లాసును కాస్త పొడిగించి తప్పుడు ప్యాకెట్లు పుట్టించేలా మార్చి, ఫ్యాక్టరీలో ఒక్క లైను ఓవర్‌రైడ్ రాస్తే చాలు, టెస్ట్‌బెంచ్ అంతా కొత్తదాన్నే వాడుకుంటుంది. పెద్ద చిప్‌కు టెస్టులు రాసినవాళ్లెవరూ ఈ సౌకర్యాన్ని తీసిపారేయలేరు.

చిజెల్ సంగతి వేరు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టి, 2012లో లోకానికి పరిచయమైన ఈ భాష స్కాలాలో ఇమిడి ఉంటుంది. ఇందులో క్లాసులతో డిజైన్‌నే రాస్తారు. అయినా ఆబ్జెక్టులు చిప్‌లోకి వెళ్లవు. స్లాబు పోసేటప్పుడు కట్టిన సెంట్రింగ్‌లాగా సర్క్యూట్ తయారవగానే విడిపోతాయి. ఒకే క్లాసుకు కొలతలు మార్చి ఇస్తే వేర్వేరు ప్రాసెసర్లు వస్తాయి. రిస్క్-ఫైవ్ కోర్లలో పేరున్న రాకెట్, చైనావాళ్ల షియాంగ్‌షాన్ ఇలా రాసినవే. చిజెల్ మీద ఉన్న అభ్యంతరమూ గట్టిదే: బయటికొచ్చే వెరిలాగ్ మనిషి చదువుకునేలా ఉండదు. వేవ్‌ఫామ్‌లో తప్పు దొరికాక, ఆ సిగ్నల్ ఏ క్లాసు కడుపున పుట్టిందో వెతుక్కుంటూ వెనక్కి పోవాలి. కేంబ్రిడ్జ్‌లోని లోరిస్క్ సంస్థ మొదట్లో రాకెట్‌ను వాడి, తర్వాత సిస్టమ్‌వెరిలాగ్‌లో రాసిన ఐబెక్స్ కోర్ వైపు వచ్చింది.

ఎవరి భాష సొగసైనదో తేల్చడం నాకంత ముఖ్యం కాదు. ఆ కోడ్‌ను హాస్టల్ గదిలో ఉన్న కుర్రాడు తన ల్యాప్‌టాప్‌లో, ఎవరి లైసెన్సూ అడగకుండా నడుపుకోగలడా? నడిపాక అడుగున ఉన్న సర్క్యూట్ అతనికి కనబడుతుందా? నేను చూసేది ఈ రెండే.

ఆ లెక్కన యూవీఎం ఇన్నాళ్లూ తప్పుతూ వచ్చింది. లైబ్రరీ అపాచీ లైసెన్సు కింద ఉచితమే. దాన్ని పూర్తిగా నడిపే సిమ్యులేటర్లు మాత్రం చాలావరకు పెద్ద కంపెనీలు అమ్మేవి, మామూలు మనిషి కొనుక్కునేవి కావు. 2019లో గూగుల్, లోరిస్క్ ప్రకటించిన ఓపెన్‌టైటన్ చిప్ ప్రాజెక్టును చూడండి. డిజైన్ అందరికీ తెరిచి ఉంది. దాని బ్లాకుల పరీక్షలు యూవీఎంలో, వాణిజ్య సిమ్యులేటర్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. చదవనిచ్చి నడపనివ్వకపోతే ఆ తలుపు సగమే తెరిచినట్టు. మన ఐఐటీ మద్రాసు 'శక్తి' ప్రాసెసర్లకూ ఒకప్పుడు ఇదే చిక్కు. వాటిని రాసిన బ్లూస్పెక్ భాషకు కంపైలర్ 2020లో గానీ ఓపెన్‌సోర్స్ కాలేదు.

ఉచిత సిమ్యులేటర్ వెరిలేటర్ 2022లో అయిదో వెర్షన్‌తో చాలా ముందుకొచ్చింది. అందులో యూవీఎంను నడిపించడానికి యాంట్‌మైక్రో వంటి సంస్థలు శ్రమపడుతున్నాయి. ఇంకోవైపు కోకోటీబీ ఉంది. దీనితో పైథాన్‌లోనే టెస్ట్‌బెంచ్ రాయొచ్చు. అందులోనూ ఆబ్జెక్టులు వాడుకోవచ్చు, పైగా ఐకారస్ అనే ఉచిత సిమ్యులేటర్ మీదో వెరిలేటర్ మీదో పైసా ఖర్చు లేకుండా నడుస్తుంది. ఈడీఏ ప్లేగ్రౌండ్ అనే వెబ్‌సైట్‌లో బ్రౌజర్ మీదే చిన్న యూవీఎం ఉదాహరణలు చేసుకోవచ్చు గానీ, నాలుగు నెలల కోర్సును దానిమీదే లాగించడం కష్టం.

కంపెనీలు యూవీఎమ్మే అడుగుతున్నాయి కదా అంటారు. నిజమే. దాన్ని మానెయ్యమని ఎవరూ చెప్పరు. నా బాధ పాఠాల వరస గురించి. కాంపొనెంట్‌కూ ఆబ్జెక్టుకూ తేడా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పే ఫ్రెషర్, ఒక క్లాక్ నుంచి ఇంకో క్లాక్‌లోకి సిగ్నల్ దాటేటప్పుడు ఏమవుతుందంటే తడబడుతున్నాడు. క్లాసుల లోకాన్ని అసలు తీగలతో కలిపే వర్చువల్ ఇంటర్‌ఫేస్ ఎందుకు పెట్టారో తెలియకుండానే దాని సింటాక్స్ బట్టీపడుతున్నాడు. అవతల ఒక సర్క్యూట్ ఉందన్న సంగతే మరుగున పడితే, ఆ టెస్ట్‌బెంచ్ దేన్ని పరీక్షిస్తున్నట్టు?

కేంద్రం 2022లో మొదలుపెట్టిన చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం 85,000 మంది చిప్ ఇంజినీర్లను తయారుచేస్తామంటోంది. బెంగళూరు సీడాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రం నుంచి ఖరీదైన టూల్స్ అందుతున్నాయి. అవి ఎంపికైన విద్యాసంస్థలకూ స్టార్టప్‌లకూ. డిగ్రీ పట్టా చేతబట్టుకుని అమీర్‌పేటకు వచ్చిన పిల్లవాడు ఆ రెంటిలోనూ లేడు.

కాబట్టి మొదటి నెల ఐకారస్, వేవ్‌ఫామ్‌లు చూపే జీటీకేవేవ్, కోకోటీబీలతో గడవాలి. ఒక ఫిఫోనో, చిన్న యూఆర్టునో పిల్లవాడు తానే రాసి, తానే చెడగొట్టి, వేవ్‌ఫామ్‌లో ఆ చెడును తన కళ్లతో పట్టుకోవాలి. యూవీఎం ఆ తర్వాత. పరిశ్రమలో పనిచేస్తూ ఇక్కడికొచ్చి పాఠం చెప్పేవాళ్లను ఇంకొకటి అడుగుతున్నాను. మీ బ్యాచ్ చేత ఒక చిన్న యూవీఎం టెస్ట్‌బెంచ్‌ను వెరిలేటర్‌లో నడిపించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడిదాకా కోడ్‌ను కుదించి, ఆ ప్రాజెక్టుకు బగ్ రిపోర్టుగా పిల్లల పేర్ల మీదే పంపించండి.