తుగ్గలి ఎండకు సరైన కొలత

వేసవిలో విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తోంది. కర్నూలు జిల్లా తుగ్గలి రైతు వాటిలోని ఉష్ణోగ్రత అంకెను నమ్మాలంటే, దాన్ని కొలిచే యంత్రాన్ని ఎక్కడ పాతారో కూడా చూడాలి. ప్రపంచ వాతావరణ సంస్థ నిబంధన ప్రకారం ఉష్ణమాపకం నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, గాలి ఆడే తెల్లటి కవచంలో, సహజమైన నేల మీద ఉండాలి. పాతకాలపు స్టీవెన్సన్ పెట్టెకైతే మన దగ్గర తలుపు ఉత్తరానికే పెడతారు, తెరిచినప్పుడు ఎండ లోపల పడకుండా. సిమెంటు డాబా మీదో, బండలు పరిచిన ఆవరణలోనో, ప్రహరీ మూలనో నిలబెడితే అది గాలి వేడితోపాటు గోడ వేడినీ లెక్కగడుతుంది. రాత్రి కొలత మరీ తప్పుతుంది. పగలు తాగిన వేడిని గచ్చు తెల్లవార్లూ కక్కుతూనే ఉంటుంది. అలాగని చెట్టు నీడా పనికిరాదు.

2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్‌లో 52.9 డిగ్రీలు నమోదైతే దేశమంతా గగ్గోలెత్తింది. అక్కడి సెన్సరు 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని వాతావరణ శాఖ తర్వాత తేల్చింది. అక్కడ లోపం యంత్రానిది. అయినా రాజధాని కాబట్టి పరుగున వెళ్లి చూశారు, తుగ్గలికి ఎవరొస్తారు? మైదానాల్లో 45 డిగ్రీలకు చేరితే వడగాడ్పు కిందే లెక్క. ఆ గీత దగ్గర ఒక్క డిగ్రీ తేడా ఉపాధి కూలీల పని వేళలనే మార్చగలదు. ఏటా ఎండలు ముదరకముందే ప్రతి మండలంలోని వాతావరణ కేంద్రాన్నీ తనిఖీ చేసి, అది నిలిచిన చోటు ఫొటోను అధికారులు ప్రజల ముందుంచాలి.