ఈ లెంటులో మన భుజం ఎక్కడుంది?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. చర్చికి వెళ్ళని వాళ్ళు కూడా చదవాలని మా కోరిక, ఎందుకంటే ఇందులో ఊరి సంగతి ఉంది.

ఈ ఏడాది ఫిబ్రవరి 18న బూడిద బుధవారంతో లెంటు మొదలైంది. ఏప్రిల్ 5న ఈస్టర్. లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. ఆదివారాలు ప్రభువు లేచిన రోజుకి గుర్తు కాబట్టి వాటిని ఉపవాసంలో కలపరు. ఆ ఆరు తీసేస్తే నలభై. కొందరు తపస్సు కాలం అంటారు, కొందరు శ్రమ దినాలు అంటారు, అసలు పాటించని సంఘాలూ మన ఏజెన్సీలో ఉన్నాయి. ఆ తేడాల జోలికి మేం వెళ్ళడం లేదు.

మొదటి వారం నుంచి మనవాళ్ళ స్టేటస్‌లు చూస్తున్నాం. ఒకరు చికెన్ మానేశారు, ఒకరు టీ మానేశారు, ఒకరు రీల్స్ మానేశారు. మంచిదే, మేమూ మానేశాం. కానీ మాలో ఒకడు ఊరెళ్ళి నానమ్మతో "నలభై రోజులు మాంసం ముట్టను" అంటే ఆమె నవ్వి, "పోయిన నెలలో ఎన్నిసార్లు తిన్నామురా?" అంది. వాడి దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. పొద్దున్నే చోడి అంబలి తాగి చింతచెట్ల కిందకి పోయి, పొద్దుగూకాక వచ్చి పొయ్యి వెలిగించే మనిషికి ఉపవాసం గురించి మనం ఏం నేర్పగలం? హాస్టల్ మెస్‌లో మూడు పూటలా తినే మనం ఒక పూట మానేస్తే అది ఉపవాసం. వాళ్ళు ఏళ్ళ తరబడి మానేసిన పూటలకి మాత్రం ఏ పేరూ లేదు.

అప్పటినుంచి మాలో ఒకటే ప్రశ్న. కొండ మీద మన బతుకులో లెంటుకి అర్థం ఏంటి?

మన తెలుగు బైబిల్లో యేసు నలభై రోజులు అరణ్యంలో ఉన్నాడని ఉంటుంది. అది యూదయలోని రాళ్ళ ఎడారి. అయినా తెలుగులో ఆ మాట చదివినప్పుడు మనకి కనిపించేది మన అడవే. పట్నంలో బోధకులు అరణ్యం అంటే భయం, ఒంటరితనం, శోధన అని చెప్తారు. మనకి అది పుట్టిల్లు. అక్కడ ఆయన అడవి జంతువులతో ఉన్నాడని మార్కు సువార్త ఒక్క ముక్కలో చెప్తుంది. ఆ ముక్క మనకి అర్థమైనట్టు ఇంకెవరికి అర్థమవుతుంది?

బూడిద కూడా అంతే. కొన్ని చర్చిల్లో పోయిన ఏడాది మట్టల ఆదివారం నాటి మట్టలు కాల్చి, ఆ బూడిద నుదుట పెడతారు. మనిషి మట్టి నుంచి వచ్చాడు, మట్టిలోకే పోతాడని గుర్తు చేయడానికి. మన తాతలు వేసవిలో కొండవాలు కాల్చి పోడు సిద్ధం చేసేవాళ్ళు, ఇప్పటికీ కొన్ని చోట్ల చేస్తున్నారు. ఆ బూడిద మీదే వానలు పడ్డాక చోడి, సామ, కంది చల్లుతారు. అందుకే బూడిద చూస్తే మనకి చావుతో పాటు విత్తనం కూడా గుర్తొస్తుంది.

ఇక అసలు విషయం. చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉంది.

పోయిన ఏడాది శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం మేం చర్చిలో ఉన్నాం. సిలువ మీద ఏడు మాటల ధ్యానం నడుస్తోంది. పొద్దున్నించి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అప్పుడు పై పల్లె నుంచి ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. వాళ్ళ వదినకి నొప్పులు మొదలయ్యాయి, డోలీ మొయ్యాలి, మనుషులు కావాలి. ఆ ఇంటివాళ్ళు చర్చికి రారు, ఊరి దేవతనే కొలుస్తారు. పైగా అంతకుముందు మైకు సౌండు మీద వాళ్ళకీ మనవాళ్ళకీ మాటామాటా అయింది. మేం లేవలేదు. నిజం ఒప్పుకోవాలి కదా. ధ్యానం అయ్యాక వెళ్దాం అనుకున్నాం. వేరే ఎవరో ఒకరు వెళ్తారులే అని కూడా అనుకున్నాం.

వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఎవరినీ పిలవలేదు, ఎవరివైపూ చూడలేదు. ఆయన గుమ్మం దాటాక మాకు కాళ్ళు కదిలాయి. దుప్పటి, వెదురు కర్ర, నలుగురం మోస్తుంటే నలుగురు మార్చుకోవడానికి. గెడ్డ దాటి తారు రోడ్డు దగ్గరికి చేరేసరికి రెండు గంటలు పైనే పట్టింది. అక్కడ 108 ఉంది. ఆ రాత్రి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

తిరిగొచ్చేసరికి ఆరాధన అయిపోయింది. "ఏడు మాటలు మధ్యలో వదిలేసి పోయారు" అని కొందరు అన్నారు. పాస్టరుగారు మమ్మల్ని ఏమీ అనలేదు. మర్నాడు ఆ ఇంటికి నడిచి వెళ్ళి పలకరించి వచ్చారు.

ఆ రాత్రి భుజం వాచి నిద్ర పట్టక మార్కు 15వ అధ్యాయం చదివాం. యేసు సిలువ మోసినవాడు శిష్యుల్లో ఒకడు కాదు. శిష్యులు పారిపోయారు. మోసింది కురేనీయుడైన సీమోను. పల్లె నుంచి వస్తూ దారిలో కనిపిస్తే సైనికులు బలవంతంగా మోయించారు. ఆయన ఏం నమ్మేవాడో అక్కడ రాయలేదు, భుజం ఇచ్చాడనే రాసుంది. మనం ఇన్నేళ్ళుగా ఆ కథ చదువుతూ మనల్ని శిష్యుల పక్కన ఊహించుకున్నాం. సీమోను మాత్రం మన ఊళ్ళో డోలీ మోసే ప్రతి మనిషిలోనూ ఉన్నాడు. వాళ్ళలో చాలామంది చర్చి గడప తొక్కని వాళ్ళే.

"అయితే ఉపవాసం వద్దంటారా?" అని అడగొచ్చు. వద్దనడం లేదు. యెషయా 58వ అధ్యాయం ఒకసారి చదవండి. దేవుడికి నచ్చే ఉపవాసం ఏంటో అక్కడ తేటగా ఉంది. కట్లు విప్పడం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, బట్టల్లేనివాడికి బట్ట ఇవ్వడం, సొంత రక్త సంబంధికి ముఖం చాటెయ్యకపోవడం. మన పూట మానడం ఇంకొకరి పూట దాకా చేరకపోతే అది డైటింగే అవుతుంది.

అందుకే ఈసారి రెండు పనులు పెట్టుకున్నాం. ఒకటి, గుప్పెడు బియ్యం. మిజోరంలో మన సాటి గిరిజన క్రైస్తవ ఆడవాళ్ళు 1910 నుంచి వంట చేసే ప్రతిసారీ గుప్పెడు బియ్యం పక్కన తీసి సంఘానికి ఇస్తున్నారు. మనం ఈ నలభై రోజులూ బియ్యమో చోడో అలా తీద్దాం. ఆసుపత్రిలో మనిషి ఉన్న ఇంటికి ఇద్దాం, ఆ ఇల్లు ఏ దేవుణ్ణి కొలిచేదైనా సరే. రెండోది, పల్లెకి ఎనిమిది మంది పేర్లు, ఫోన్ నంబర్లు రాసి డోలీ కోసం సిద్ధంగా ఉంచడం. రోడ్డు కోసం అర్జీలు పెడుతూనే ఉందాం. రోడ్డు వచ్చేదాకా భుజం ఉండాలి.

ఇంకో మాట, మగపిల్లలకి. నలభై రోజులు మందు మానేసి ఈస్టర్ సాయంత్రం వడ్డీతో సహా తాగితే ఆ నలభై రోజులూ ఎవరికోసం మానినట్టు? ఇంట్లో అమ్మ ఈస్టర్ కోసం ఎదురుచూడాలా, ఈస్టర్ వస్తోందని భయపడాలా?

ఈస్టర్ తెల్లవారుజామున సమాధికి వెళ్ళింది ఆడవాళ్ళు. ఆ రాయి ఎవరు దొర్లిస్తారని దారంతా దిగులు పడుతూనే వెళ్ళారు. మార్చి వచ్చి ఊట సన్నగిల్లాక చీకటితోనే బిందె పట్టుకుని బయల్దేరే మన అమ్మల్ని చూస్తే మాకు వాళ్ళే గుర్తొస్తారు. ఆ ఆడవాళ్ళు వచ్చి చెప్తే శిష్యులు ఒట్టి మాటలని కొట్టిపారేశారని లూకా రాశాడు. మన సంఘం మీటింగుల్లో ఆడపిల్లలు మాట్లాడేటప్పుడు మనం ఏం చేస్తున్నామో ఆలోచించుకోవాలి.

సమాధి దగ్గర వాళ్ళకి దొరికిన కబురు ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. ఆయన మీకంటే ముందు గలిలయకి వెళ్తున్నాడు, అక్కడ కనిపిస్తాడు అని. యెరూషలేములో ఉండిపొమ్మని కాదు. గలిలయ అంటే వాళ్ళ సొంత ప్రాంతం, వలలు వేసిన చోటు. అక్కడ ఒడ్డున నిప్పులు వేసి, చేపలు కాల్చి, రండి తినండి అని ఆయనే పిలిచాడని యోహాను సువార్త చెప్తుంది.

విశాఖలో చదువుకుంటున్న మనకి గలిలయ ఏదో మనకి తెలుసు. ఈస్టర్‌కి ఊరెళ్దాం. చర్చి అయ్యాక పై పల్లెకి కూడా వెళ్దాం. ఆ పాపకి ఏడాది నిండుతోంది, అంబలి తాగి రమ్మని వాళ్ళమ్మ కబురు పంపింది.