మిగిల్చిన యూనిట్‌కు పద్దేది?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, శాట్సాప్ అనే చోట రెండు భారీ కూలింగ్ టవర్లు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. వాటి పక్కన అణు రియాక్టర్ ఏనాడూ నడవలేదు. కరెంటు వాడకం ఏటికేడు పెరుగుతూనే ఉంటుందని లెక్కలేసుకుని 1970లలో అక్కడివాళ్లు ఐదు అణు కేంద్రాలు తలకెత్తుకున్నారు. వాడకం అంత పెరగలేదు, ఖర్చు మాత్రం హద్దు దాటింది. పూర్తయింది ఒక్కటే. 1983లో 225 కోట్ల డాలర్ల బాండ్లు చెల్లించలేక చేతులెత్తేశారు.

ఆ పతనానికి కాస్త ముందే, 1980లో, ఓ చట్టం వచ్చింది. వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో, మోంటానాలకు కలిపి ఒక మండలి, ఇరవయ్యేళ్ల విద్యుత్ ప్రణాళిక. అసలు సంగతంతా ఆ చట్టం పెట్టిన వరుసలో ఉంది. కొత్త కరెంటు కావాలంటే ముందు పొదుపును కొనాలి, తర్వాతే పునరుత్పాదక వనరులు. బొగ్గు, అణుశక్తి చిట్టచివర. పొదుపు పది శాతం ఖరీదైనా దానికే మొగ్గు. ఇంటి అటకలో ఇన్సులేషన్‌కు విద్యుత్ సంస్థ డబ్బిస్తే అది దానం కాదు, కరెంటు కొనుగోలు. ఇవాళ అక్కడ జలవిద్యుత్ తర్వాత పెద్ద వనరు పొదుపే.

మన దగ్గర పొదుపంటే డిసెంబరు 14న పిల్లలకు బొమ్మల పోటీ, ఆఫీసు గోడకు పోస్టరు. ఎల్ఈడీ బల్బుల పంపిణీ ఒక్కటే చెప్పుకోదగ్గది.

పొదుపుకు చోటెక్కడంటారా? పొలం గట్టున స్టార్టర్ డబ్బా చూడండి. కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియని రోజుల్లో రైతు ఆటో స్టార్టర్ బిగించుకున్నాడు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతుంది, మడి నిండినా నీళ్లు పారుతూనే ఉంటాయి. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చిన తెలంగాణ, ఆ ఆటో స్టార్టర్లను తీసేయమని రైతుల్ని కోరాల్సి వచ్చింది. రైతును తప్పుపట్టను. మీటరు లేని మోటారు మీద యూనిట్లు మిగిల్చినా అతనికి ఒరిగేదేముంది?

ఒరిగేది కరెంటు పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు. కాలిన ప్రతిసారీ వైండింగ్ చేయించి నడిపే పాత మోటారును డిస్కమే తన ఖర్చుతో మార్చాలి. ఆ ఖర్చును విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ) ముందుంచే కొనుగోలు లెక్కల్లో థర్మల్, సోలార్ల సరసన రాయాలి. మిగులును కొలిచేదెలా అంటారు. మోటారుకు మీటరంటే ఉచితానికి ఎసరేమోనని రైతు భయం, అది ఉత్తుత్తి భయమని నేననను. ముందు ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టండి మీటరు. ఎవరి బోరు జోలికీ పోకుండానే ఎంత మిగిలిందో తేలుతుంది.