పాత కెమెరా, అంతకంటే పాత వెలుగు

ఆండ్రోమెడా గెలాక్సీ నుంచి బయల్దేరిన వెలుగు భూమికి చేరడానికి దాదాపు 25 లక్షల ఏళ్లు పడుతుంది. అంత దూరం నుంచి వచ్చిన దాన్ని పట్టుకోవడానికి పదిహేనేళ్ల నాటి సెకండ్ హ్యాండ్ కెమెరా చాలునా? చాలు. ఆ మాట నమ్మబుద్ధి కాకే చాలామంది మొదటి అడుగులోనే డబ్బు తగలేసుకుంటున్నారు.

అలాంటి కొనుగోలుదారు ఎలా ఉంటారో ఊహించడం కష్టమేమీ కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, హైస్కూల్లో సైన్స్ చెప్పే మాస్టారు, సెలవులకు సొంతూరు వెళ్లినప్పుడల్లా డాబా మీద పడుకుని పాలపుంతను వెతుక్కునే బ్యాంకు ఉద్యోగి. చేతిలో ముప్పై, నలభై వేలుంటాయి. ఇంట్లో అడిగి తెచ్చుకున్నవో, ఆరు నెలలు కూడబెట్టినవో. షాపులో సేల్స్‌మన్ మెగాపిక్సెళ్లు ఏకరువు పెడతాడు. సొమ్మంతా కొత్త బాడీకే పోతుంది. మొదటి రాత్రి ట్రైపాడ్ మీద నిలబెట్టి అర నిమిషం షటర్ తెరిస్తే నక్షత్రాలన్నీ గీతలై వస్తాయి. ఆ తర్వాత ఆ కెమెరా పుట్టినరోజు ఫోటోలకు, ఆపైన బీరువాకు పరిమితం.

తప్పు కెమెరాది కాదు. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతోంది. కెనాన్ 450డి లాంటి కెమెరాకు 200 ఎంఎం లెన్స్ బిగించి ఒరాయన్ నెబ్యులా వైపు గురిపెడితే, నక్షత్రం సెకనుకు దాదాపు మూడు పిక్సెళ్ల మేర జరిగిపోతుంది. 50 ఎంఎం లెన్స్ అయినా నాలుగైదు సెకన్లు దాటితే చుక్క సాగుతుంది. కాబట్టి ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ లేకుండా ఎంత ఖరీదైన సెన్సర్ అయినా నిస్సహాయురాలే. బడ్జెట్‌లో మొదటి వాటా మౌంట్‌కు, రెండోది లెన్స్‌కు, మిగిలిందే కెమెరాకు. పాత బాడీ కొనడం పిసినారితనం కాదు, లెక్క.

పాత సెన్సర్ బలహీనతను కప్పిపుచ్చే మందు కూడా ఉంది. ఒక్క ఫోటో కాకుండా ఒకే దృశ్యాన్ని వందసార్లు తీసి, డీప్‌స్కైస్టాకర్, సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకదానిపై ఒకటి పేర్చడం. వంద ఫ్రేములు పేరిస్తే నాయిజ్‌తో పోల్చినప్పుడు సిగ్నల్ పదింతలు మెరుగవుతుంది. అంటే ఓపిక ఉన్నవాడి పాత కెమెరా, ఓపిక లేనివాడి కొత్త కెమెరాను ఓడిస్తుంది. హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీ గత శతాబ్దం తొలి సగంలో అంతర్జాతీయ ఖగోళ సర్వేలో భాగంగా ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది గాజు పలకల మీద. ఆ పలకలతో పోలిస్తే సెకండ్ హ్యాండ్ షాపులో దుమ్ము పట్టి ఉన్న అతి చౌక డిజిటల్ కెమెరా కూడా చురుకైనదే.

ఇప్పుడు కొనడానికి అదను కూడా కుదిరింది. కంపెనీల దృష్టి మిర్రర్‌లెస్ వైపు మళ్లింది, పెళ్లి ఫోటోగ్రాఫర్లూ ఆ దారే పట్టారు. వాళ్లు వదిలించుకుంటున్న డీఎస్ఎల్ఆర్‌లు ప్రతి పట్టణంలోనూ దొరుకుతున్నాయి. తొలితరం బాడీల ధరలు పరిస్థితిని బట్టి సుమారు పది నుంచి ఇరవై వేల రూపాయల మధ్య ఆడుతుంటాయి. దీనికి తోడు ఆకాశం మీద మోజు పెరిగింది. లద్దాఖ్‌లోని హాన్లే పరిసరాలను 2022 డిసెంబర్లో డార్క్ స్కై రిజర్వుగా ప్రకటించాక అక్కడి రాత్రుల ఫోటోలు చూడనివారు లేరు.

ఎంత పాతదైనా ఫర్వాలేదా అంటే, కాదు. గీత గీయాల్సిన చోటు 2008. అంతకు ముందు వచ్చిన ఎంట్రీ లెవల్ బాడీల్లో చాలావాటికి లైవ్ వ్యూ లేదు. చీకట్లో ఆటోఫోకస్ పనిచేయదు. ప్రకాశవంతమైన ఓ నక్షత్రాన్ని స్క్రీన్ మీద పదింతలు పెద్దది చేసి, చేత్తో రింగు తిప్పుతూ అది సూదిమొనంత అయ్యేదాకా సరిచేసుకోవాలి. లైవ్ వ్యూ లేనిదే ఇది గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఆ ఒక్క కారణంతో 2003 నాటి 300డి ఎంత చౌకగా వచ్చినా వద్దు.

కెనాన్‌లో 450డి, 1000డి (రెండూ 2008), 550డి (2010), 600డి, 1100డి (2011) మంచి ఎంపికలు. వీటిలో ఒకటే చెప్పమంటే 600డి. కారణం 18 మెగాపిక్సెళ్లు కాదు, మడత స్క్రీన్. కెమెరా నడినెత్తి వైపు చూస్తున్నప్పుడు నేల మీద వెల్లకిలా పడుకుని ఫోకస్ చూసుకోవాల్సిన అవస్థ తప్పుతుంది. నికాన్‌లో 2013 నాటి డి5300కి ఈ రంగంలో మంచి పేరుంది. నీడ ప్రాంతాల్లో నాయిజ్ విషయంలో సమకాలీన కెనాన్లను మించినదే. అంతకు చాలా ముందు వచ్చిన కొన్ని నికాన్లు మాత్రం లాంగ్ ఎక్స్‌పోజర్‌లో చిన్న నక్షత్రాలను నాయిజ్‌గా భ్రమించి చెరిపేస్తాయి. కొన్ని సోనీ మిర్రర్‌లెస్‌ల మీదా ఇదే ఫిర్యాదు ఉంది.

అయినా మొగ్గు కెనాన్ వైపే ఉండటానికి ఇంకో కారణముంది. పాత స్క్రూ మౌంట్ లెన్సులు. ఒకప్పుడు సోవియట్ జెనిత్ కెమెరాలతో వచ్చిన 58 ఎంఎం హీలియోస్, పెంటాక్స్ వారి టకుమార్ లెన్సులు చిన్న అడాప్టర్‌తో కెనాన్‌కు అతుకుతాయి, అనంత దూరానికి ఫోకస్ కూడా అవుతాయి. నికాన్ బాడీలో లెన్స్‌కూ సెన్సర్‌కూ మధ్య దూరం ఎక్కువ. మధ్యలో మరో గాజు ముక్క లేనిదే వాటితో నక్షత్రం ఫోకస్ కాదు. తాతగారి అటకపెట్టెలో 135 ఎంఎం టకుమార్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ముందు దానికి ఫంగస్ పట్టిందేమో టార్చి వేసి చూడాలి. విశాఖ, కాకినాడల ఉప్పుగాలిలో, నాలుగు వానాకాలాలు తోలు కేసులో గడిపిన లెన్స్ లోపల సాలెగూడులా అల్లుకున్న ఫంగస్ సర్వసాధారణం. సిలికా జెల్ వేసిన ప్లాస్టిక్ డబ్బా దానికి చౌకైన విరుగుడు.

కొన్ని మోడళ్లు చూడటానికి నవనవలాడుతూ మోసం చేస్తాయి. నికాన్ డి3400, డి3500 మంచి సెన్సర్ ఉన్నవే. కానీ వైర్ రిమోట్ పెట్టుకునే సాకెట్ లేదు. రాత్రంతా తనంతట తానే ఫోటోలు తీసుకునేలా ఇంటర్వలోమీటర్ తగిలించాలంటే ఇబ్బందే. కెనాన్ 3000డికి లెన్స్ బిగించే రింగు లోహం కాదు, ప్లాస్టిక్. టెలిస్కోప్‌కు వేలాడదీయడానికి అది తగదు.

ఇక ఎరుపు సంగతి. హైడ్రోజన్ నెబ్యులాలు 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతాయి. మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టర్ ఆ వెలుగులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. అందుకే కెనాన్ 2005లో 20డిఎ, 2012లో 60డిఎ అని ఖగోళ ప్రియుల కోసమే విడిగా తెచ్చింది. ఆ ఫిల్టర్ తీయించిన ‘మాడిఫైడ్’ బాడీలు సెకండ్ హ్యాండ్‌లో అప్పుడప్పుడు కనిపిస్తాయి. రోజెట్, గుర్రపు తల నెబ్యులాల మీద మనసు పడ్డవారికి అవి బంగారమే. కానీ పగటి ఫోటోల్లో రంగులు ఎర్రబారతాయి. ఇంట్లో ఉన్న ఒకే కెమెరాతో చెల్లెలి నిశ్చితార్థమూ తీయాల్సి ఉంటే ఆ జోలికి పోకపోవడమే మేలు. ఆండ్రోమెడాకు, నక్షత్ర గుచ్ఛాలకు, పల్లెల్లో పిల్లల కోడి అని పిలిచే కృత్తికలకు, ఒరాయన్ నెబ్యులాకు మామూలు కెమెరా చాలు. ఏడాది పని వీటితోనే సరిపోతుంది.

అమ్మేవాడి దగ్గరికి సొంత మెమరీ కార్డుతో వెళ్లాలి. లెన్స్ క్యాప్ మూసి, ఐఎస్ఓ 1600 పెట్టి, బల్బ్ మోడ్‌లో మూడు నుంచి అయిదు నిమిషాలు షటర్ తెరిచి ఉంచి, రా ఫైలును పూర్తి సైజులో చూడాలి. అక్కడక్కడా ఎరుపు, నీలం చుక్కలు మామూలే. ఓ మూల ఊదారంగు వెలుగు పాకినా, అడ్డగీతలు పట్టీలుగా కనిపించినా ఇంకో కెమెరా చూసుకోవాలి. తర్వాత అపర్చర్‌ను ఎఫ్/22కి తగ్గించి తెల్లగోడను తీస్తే సెన్సర్ మీది దుమ్ము బయటపడుతుంది. తుడిస్తే పోయే దుమ్ముకు భయం లేదు, గీతలకు భయపడాలి. బ్యాటరీ గదిలో పచ్చగా తుప్పు, మరల తలలు అరిగి ఉండటం... ఇవి నీళ్లలో పడ్డదానికో, ఎవరో విప్పిచూసినదానికో గుర్తులు. రిమోట్ సాకెట్‌లో వైరు పెట్టి నొక్కి చూడటం చాలామంది మరిచిపోతారు.

షటర్ కౌంట్ గురించి బేరగాళ్లు చేసే హడావుడి మాత్రం కాస్త అతి. పెళ్లి ఫోటోగ్రాఫర్ ఒక్క ముహూర్తానికే వెయ్యికి పైగా క్లిక్కులు కొట్టవచ్చు. నిమిషానికో ఫ్రేమ్ చొప్పున నాలుగు గంటలు ఆకాశం తీస్తే అయ్యేవి 240. కౌంట్ బాగా ఎక్కువగా ఉంటే ధర తగ్గించమని అడగడానికి అది పనికొస్తుంది, అంతే. పెళ్లిపందిట్లో పట్టపగలు కనిపించని అరుంధతిని చూస్తున్న జంటలను ఏళ్ల తరబడి తీసిన కెమెరా, రిటైరయ్యాక సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన ఆ చుక్కను నిజంగానే పట్టిస్తుంది.

ఆన్‌లైన్ ప్రకటన చూసి అడ్వాన్స్ పంపడమంత అవివేకం ఇంకొకటి లేదు. సైన్యంలో ఉన్నా, బదిలీ అయింది, కొరియర్ చేస్తా అనే గొంతు ఎంత మర్యాదగా ఉన్నా సరే. డబ్బు రావాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవాడూ ఆ బాపతే. చేతిలో కెమెరా, కార్డులో టెస్ట్ ఫోటో, ఆ తర్వాతే సొమ్ము.

మిగిలిన డబ్బుతో ట్రాకర్. రెడీమేడ్ ట్రాకర్ ఖరీదు పాత కెమెరా కంటే ఎక్కువే. అది అందకపోతే వడ్రంగి ఉన్నాడు. 1970ల్లో స్కాట్లాండ్‌కు చెందిన జార్జ్ హేగ్ ప్రచారంలోకి తెచ్చిన కిటుకు ఇప్పటికీ పనిచేస్తుంది. రెండు చెక్కలు, వాటిని కలిపే కీలు, ఒక ఎం6 బోల్టు. ఆ బోల్టు మర ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు కదులుతుంది. కీలు ఇరుసు నుంచి 229 మిల్లీమీటర్ల దూరంలో దాన్ని బిగించి, నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు తిప్పుతూ పోతే పైచెక్క ఆకాశం వేగంతో లేస్తుంది. 50 ఎంఎం లెన్స్‌తో ఒకటి రెండు నిమిషాల ఎక్స్‌పోజర్లు దీనితో సాధ్యమే. ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టడమే మన దగ్గర చిక్కు. హైదరాబాద్‌లో అది 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన పొరుగింటి మూడో అంతస్తు లేచిందంటే కనుమరుగు.

ఇంత తలనొప్పి ఎందుకు, 2023లో వచ్చిన సీస్టార్ ఎస్50 లాంటి స్మార్ట్ టెలిస్కోప్ కొంటే పోలా అనేవారూ ఉన్నారు. వారి మాటా కొట్టిపారేయదగ్గది కాదు. ఫోన్‌లో వస్తువు పేరు నొక్కితే తానే వెతికి, తానే ట్రాక్ చేసి, తానే పేర్చి చూపిస్తుంది. అయితే సెన్సర్ రెండు మెగాపిక్సెళ్లే, చూపు ఇరుకు. ఆండ్రోమెడా పొడవు ఆకాశంలో ఆరు నిండు చందమామలంత. 600డికి 200 ఎంఎం లెన్స్ పెడితే ఆ గెలాక్సీ మొత్తం చుట్టూ ఖాళీతో సహా ఒకే ఫ్రేములో పడుతుంది. ఫోటో కావాలనుకునేవారికి స్మార్ట్ టెలిస్కోప్, ఫోటో తీయాలనుకునేవారికి పాత కెమెరా.

మన వాతావరణానికి సంబంధించి ఓ హెచ్చరిక. సెన్సర్ వేడెక్కేకొద్దీ నాయిజ్‌కు మూలమైన డార్క్ కరెంట్ సుమారు ప్రతి ఆరు డిగ్రీలకు రెట్టింపవుతుంది. దిల్లీ జనవరి రాత్రికీ, విజయవాడ మే రాత్రికీ తేడా పదింతలు దాటవచ్చు. చల్లబరిచే ఏర్పాటున్న ప్రత్యేక ఖగోళ కెమెరాలు లక్ష రూపాయలకు అటూ ఇటూ పలికేది ఇందుకే. పాత కెమెరాకు చౌక మార్గం డార్క్ ఫ్రేములు. ఆకాశం తీయడం ముగిశాక క్యాప్ మూసి, అదే ఐఎస్ఓ, అదే వ్యవధితో ఇరవై, ముప్పై ఫ్రేములు తీస్తే సాఫ్ట్‌వేర్ ఆ మచ్చలను తీసివేస్తుంది. మర్నాడు ఏసీ గదిలో తీస్తే లాభం లేదు, అదే వేడిలో తీయాలి. వానాకాలం ఎలాగూ సెలవు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అసలు సీజన్.

అలాగని వేసవిని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. దాదాపు కోటి నక్షత్రాలు కిక్కిరిసిన ఒమేగా సెంటారీ గుచ్ఛం మే రాత్రుల్లో పది గంటల ప్రాంతంలో దక్షిణాన అత్యంత ఎత్తుకు వస్తుంది. దిల్లీలో అది 14 డిగ్రీల దగ్గర పొగమంచులో, దుమ్ములో కలిసిపోతుంది. హైదరాబాద్‌లో 25 డిగ్రీలు, తిరుపతిలో 29. దాని ఎరుపు ఎవరికీ అక్కర్లేదు, కాబట్టి మాడిఫై చేయని 1100డి, 135 ఎంఎం పాత లెన్స్, వడ్రంగి చేసిన రెండు చెక్కలు చాలు. ముప్పై సెకన్ల చొప్పున ఓ అరవై ఫ్రేములు, వాటి వెంట ముప్పై డార్కులు. ముక్కాలు గంట పని.