శుక్రవారం పొద్దున పీచు పట్టుకుని రండి!

బస్తీ అమ్మలారా, అక్కలారా, అన్నలారా!

డెంగీ వచ్చినవాళ్ల గ్లాసుతో నీళ్లు తాగినా, పక్కన కూర్చున్నా మనకు అంటదు. కాళ్లమీద తెల్లచారలున్న దోమ వాళ్లను కుట్టి, వారం పది రోజులయ్యాక మనల్ని కుడితే అంటుతుంది. మోరీల సంగతి అధికారులను నిలదీద్దాం, అది వేరే గొడవ. ఈ దోమకు మాత్రం తేట నీళ్లే ఇష్టం. నల్లా రోజు విడిచి రోజు వస్తే నీళ్లు పట్టి పెట్టుకోక ఏం చేస్తాం? పట్టుకోండి, పైన గుడ్డ బిగించి కట్టండి.

ఒకసారి సెల్‌ఫోన్ లైటు వేసి మీ డ్రమ్ములోకి చూడండి. వెంట్రుకల్లాంటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ, లైటు పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగితే అవే రేపటి దోమలు. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

నీళ్లు పారబోస్తే సగం పనే అయినట్టు. ఆడదోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, డ్రమ్ము గోడకే అంటించి పోతుంది. నల్లటి నలుసుల్లా ఉంటాయి. నెలల తరబడి ఎండినా చావవు, తడి తగిలితే పొదుగుతాయి. అందుకే అంట్లు తోమినట్టు గోడలు రుద్దాలి. కూలరు అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం, పెరట్లో వాడని రోలు... ఏదీ వదలొద్దు. పొగ బండి వస్తే హమ్మయ్య అనుకుంటాం గానీ, ఆ పొగ డ్రమ్ములోని పురుగును తాకను కూడా తాకదు.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. దోమే జబ్బు మోస్తుందని అక్కడి బేగంపేటలో తేలిన సంగతి మన గుమ్మం దాకా రావడానికి ఇంకెన్నాళ్లు?

జ్వరమొస్తే డాక్టరుకు చూపించండి. పారాసెటమాల్ తప్ప ఇంకో నొప్పి బిళ్ల సొంతంగా మింగొద్దు, రక్తం కారే ప్రమాదముంది. జ్వరం దిగిన ఒకటి రెండు రోజులే అసలు గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం కనబడితే ఆసుపత్రికి పరుగెత్తండి. జ్వరమున్న మనిషిని పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టండి. ఈ దోమ కుట్టేది ఎక్కువగా పగలే.

ఈ శుక్రవారం పొద్దున ఏడింటికి, ఇంటికొకరు, పీచూ బకెట్టూ తీసుకుని బోరింగు దగ్గరికి రండి. ఆ తర్వాత ప్రతి శుక్రవారం. ముందుగా పంక్చర్ షాపు టైర్లు. షాపాయన సరేనన్నాడు, చాయ్ కూడా తనే పోయిస్తానన్నాడు.

— మీ బస్తీ వాళ్లు