మగ్దల – ఉప్పు చేపల పట్టణము



గలిలయ సముద్రమని మనము పిలుచునది నిజమునకు ఒక మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. దాని పడమటి ఒడ్డున, తిబెరియకు కొద్ది దూరములో మగ్దల అను ఊరు ఉండెను. మగ్దలేనే మరియను గూర్చి ప్రతి ఈస్టరుకు చదువుచున్నాము. మగ్దలేనే అనగా మగ్దల ఊరి స్త్రీ అని అర్థము. ఆ ఊరు నేడు మంటిలోనుండి బయటపడినది. ఈ నెల దానిని దర్శింతము.

మగ్దల అను మాటకు బురుజు అని అర్థము. గ్రీకువారు తారికేయ అని పిలిచిన పట్టణము ఇదేయని పండితులలో అనేకులు తలంచుచున్నారు. అనగా చేపలకు ఉప్పుపట్టించు స్థలము. పట్టిన చేప ఆ వేడిమికి త్వరగా చెడిపోవును. ఉప్పుపట్టించినచో దూరపు సంతలకు పంపవచ్చును. ఆ ఒడ్డున ఉప్పుపట్టించుటకు తగిన మంచి చేపలు దొరుకునని గ్రీకు రచయితయైన స్ట్రాబో వ్రాసెను.

2009వ సంవత్సరమున యాత్రికుల కొరకు అక్కడ ఒక వసతిగృహము కట్టదలచిరి. ఇశ్రాయేలు చట్టము ప్రకారము ముందుగా పురావస్తు శాఖవారు నేలను త్రవ్వి చూడగా, కొద్ది లోతులోనే మొదటి శతాబ్దపు సమాజమందిరము కనబడెను. దాని వైశాల్యము సుమారు 120 చదరపు మీటర్లు. గోడల చుట్టు రాతి అరుగులు, రంగులు వేసిన గోడలు, చిన్న చిన్న రాళ్లు పొదిగిన నేల ఉన్నవి. క్రీ.శ. 29లో తిబెరియలో ముద్రించిన నాణెము ఒకటి అక్కడ దొరికెను. మందిరము మధ్య ఒక రాయి ఉన్నది. దానిమీద ఏడు కొమ్మల దీపవృక్షము చెక్కబడియున్నది. యెరూషలేము దేవాలయము ఇంకను నిలిచియున్న దినములలోనే చెక్కిన చెక్కడమది. 2021లో అదే ఊరిలో రెండవ సమాజమందిరము కూడ బయటపడెను.

ఈ ఊరి అంతము దుఃఖకరము. క్రీ.శ. 67లో రోమా సైన్యము తారికేయను పట్టుకొనెను. పడవలలో పారిపోయినవారిని సరస్సుమీదనే చంపిరి. పట్టుబడినవారిలో 6,000 మంది యౌవనస్థులను కాలువ త్రవ్వుటకు గ్రీసుదేశమునకు పంపిరనియు, 30,400 మందిని బానిసలుగా అమ్మిరనియు చరిత్రకారుడైన జోసీఫస్ వ్రాసెను. వారిలో ఇతర ప్రాంతములనుండి వచ్చి చేరినవారు అనేకులు.

ఇక మరియ సంగతి. ఆమె వేశ్య అని ప్రసంగములలో, నాటికలలో తరచుగా వినుచున్నాము. లూకా 8వ అధ్యాయము తెరచి చూడుడి. ఏడు దయ్యములు ఆమెను విడిచిపోయెననియు, ఆమె తన ఆస్తితో ప్రభువునకును శిష్యులకును ఉపచారము చేసెననియు మాత్రమే అక్కడ ఉన్నది. 7వ అధ్యాయములోని పాపాత్మురాలైన స్త్రీకి పేరే లేదు. ఆ స్త్రీని, బేతనియ మరియను, మగ్దలేనే మరియను ఒక్కరేయని 591లో రోమా పోపు గ్రెగొరీ ప్రసంగించెను. ఆ మాట పాశ్చాత్య సంఘములో శతాబ్దములు నిలిచెను. 1969లో రోమన్ కతోలిక సంఘము తన పండుగల పట్టికను సవరించి ఆమెను వేరుగా చూపెను.

మగ్దలను కప్పిన మన్ను కొద్దిపాటిదే. మరియ పేరును కప్పిన మన్ను అంతకంటె మందమైనది. అది మనుష్యుల మాటలతో పేరుకొన్నది. ఒక స్త్రీ దయ్యములచేత పీడింపబడెనని చదివి, ఆమె నడత చెడ్డదని ఎట్లు తేల్చితిమి? రోగము వేరు, పాపము వేరు. మన సంఘములలో కూడ మతి చలించిన సహోదరిని, భర్త విడిచిన సహోదరిని చూచి, ఆమె ఏదో చేసియుండునని చెవులు కొరుకుకొనుట లేదా?

పునరుత్థానుడైన ప్రభువు మొదట కనబడినది ఈ మగ్దల స్త్రీకే. ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచెను. ఈ ఆదివారము మీ సంఘములో వెనుక వరుసలో ఒంటరిగా కూర్చుండు సహోదరియొద్దకు వెళ్లి, మీరును ఆమెను పేరుపెట్టి పలుకరించుడి.